అయిదో నంబరు దేశంలో రెండో నంబరు డిస్కు

ఒక్క మాట వినడం కోసం సత్తెనపల్లి నుంచి గుంటూరు వెళ్ళొచ్చాను. ఆ మాట మా తోడికోడలు నాగరత్నంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. కొన్నేళ్ళ కిందట గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మేమిద్దరం మిరపకాయల తొడిమలు తీస్తుంటే జపాన్ వాళ్ళు కెమెరాలతో వచ్చారు. నన్ను టీ తెమ్మని పంపి, అక్క కెమెరా ముందు నా గురించి ఏదో అంది. తిరిగొచ్చేసరికి షెడ్డంతా పడీ పడీ నవ్వుతోంది. "ఏమన్నావక్కా?" అంటే "సినిమాలో చూసుకో" అంది. ఎన్నిసార్లడిగినా అదే జవాబు. నిరుడు వానాకాలంలో జ్వరమొచ్చి అక్క పోయింది. సినిమా ఇప్పుడు జపాన్ నుంచి డిస్కుగా పోస్టులో దిగింది.

తొమ్మిదింటికి బస్టాండు దగ్గర పెళ్ళి వీడియోల స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో అతను కంప్యూటర్లో డిస్కు పెట్టాడు. తెర మీద ఇంగ్లీషులో ఏదో పడి, డిస్కు వెళ్ళినంత వేగంగా బయటికొచ్చింది.

"మామ్మగారూ, ఇది మన దగ్గర ఆడదండి. సినిమాల వాళ్ళు ప్రపంచాన్ని నంబర్లేసి పంచుకున్నారు. జపాన్‌ది రెండు, మనది అయిదు."

"తీసింది గుంటూర్లో కదా నాయనా?"

"అమ్మేది అక్కడ కదండీ."

అదీ సంగతి. మా మిరపకాయ ఏ నంబరూ లేకుండా ఓడెక్కి, వాళ్ళ నోళ్ళు మండించగలదు. దాని తొడిమ తీసిన మా మొహాలు మాత్రం సొంతూరొచ్చినా లోపలికి రాకూడదట! గుంటూర్లో పాత ప్లేయర్లు బాగుచేసే మస్తాన్ గారి కొట్టు గుర్తులు చెప్పి పంపాడతను.

పదింటి బస్సు. ఆడవాళ్ళకి ఉచితం. "ఆధార్ కార్డు చూపించమ్మా, మన రాష్ట్రం వాళ్ళకే" అన్నాడు కండక్టరు. ఓహో, నాకూ నంబరుంది. అదృష్టం కొద్దీ నాది ఆడింది.

పక్క సీట్లో ఒకావిడ మేడికొండూరులో ఉన్న కూతురికి పచ్చడి జాడీ తీసుకెళ్తోంది. "ఏం వదినా, ఒళ్ళో అద్దం పెట్టుకు కూర్చున్నావు?" అంది డిస్కు చూసి. కథంతా చెప్పాను. "తిట్టుంటది. తిట్టకపోతే అంతమంది నవ్వరు" అని తేల్చేసి దిగిపోయింది.

యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, దారిలో బోర్డులు వదలను. పురుగుమందుకీ కాలేజీకీ ఒకటే హామీ: వంద శాతం ఫలితం. గుంటూర్లో దిగి భోజనం చేశాను. ఇంత మిర్చి ఉన్న ఊళ్ళో సాంబారు తియ్యగా ఉంది.

మస్తాన్ గారు నోరున్న మనిషి. "ఇది దుబాయ్ ప్లేయరక్కా. దీనికి అన్ని దేశాలూ అత్తారిల్లే!" అంటూ డిస్కు లోపలికి తోశాడు. బొమ్మ పడింది. కానీ నలుపూ తెలుపూ, పైగా కిందికి జారిపోతోంది. మిరప గుట్ట అచ్చం బొగ్గు గుట్టలా ఉంది.

"బొగ్గు గని సినిమా పెట్టారేంటండీ?"

"వాళ్ళ టీవీల పద్ధతి వేరు, మనది వేరు. నంబరు దాటొచ్చినా రంగు దగ్గర పట్టుకున్నారక్కా."

రిమోట్ మీద ఏదో నొక్కాడు. తెరంతా భగ్గున ఎర్రబడింది. నాకు తుమ్మొచ్చింది.

అదిగో అక్క. ఘాటుకి మూతికి గుడ్డ కట్టుకుంది, కళ్ళే కనిపిస్తున్నాయి. మాట మొదలెట్టిందో లేదో, దాన్నే వాళ్ళ భాషలో చెబుతూ పైన ఒక జపాన్ ఆడగొంతు ఎక్కి కూర్చుంది. పసిపాపకి జోల పాడుతున్నంత మెత్తగా! జోల పాడే మనిషా మా అక్క?

"ఆవిణ్ణి తీసెయ్యండి మస్తాన్ గారూ."

"తియ్యలేమక్కా. రెండు గొంతులూ కలిపి రుబ్బేశారు."

అక్కడితో ఆశ వదులుకున్నాను. కానీ జపానావిడ చెప్పడం ముందే అయిపోయింది, అక్క ఇంకా ఆపలేదు. చివరి ముక్క చక్కగా బయటపడింది: "...మా తోడికోడల్ని మాత్రం ఏమీ అడక్కండయ్యా. నోరు తెరిస్తే అబద్ధమే!" ఆ వెంటనే షెడ్డంతా నవ్వు. గుడ్డ జారిపోయి, అక్క పళ్ళన్నీ కనిపించాయి.

మళ్ళీ వేయమన్నాను. మళ్ళీ, మళ్ళీ. చివరికి మస్తాన్ గారు టీ తెప్పించి, రిమోట్ నా చేతికే ఇచ్చి తన పని చూసుకున్నాడు.

ఇలాంటి డిస్కు మీ ఇంటికొస్తే స్టూడియోల చుట్టూ తిరక్కండి. దుబాయ్ ప్లేయరున్న పాత కొట్టు వెతకండి. రంగు రాకపోతే రిమోట్ అడగండి. గొంతు మీద గొంతెక్కితే మాత్రం మందు లేదు, మాట చివరిదాకా ఆగి వినాలి.

సాయంత్రం బస్సు మేడికొండూరులో ఆగితే ఆవిడే ఎక్కింది, ఖాళీ జాడీతో. నన్ను చూడగానే పక్కన చేరింది.

"ఏమంది వదినా మీ అక్క? తిట్టిందా?"

"తిట్టడమా! నా అంత నిజం మాట్లాడే మనిషి జిల్లాలోనే లేదంది" అన్నాను.