ఆడని ఆఖరి రీలు

ఆ రోజుల్లో పెళ్లికొడుకు గుణం తెలుసుకోవాలంటే ఊళ్లో నలుగురినీ గుట్టుగా విచారించేవాళ్లు. నా విచారణ మాత్రం ప్రొద్దుటూరు టూరింగు టాకీసులో, ఊరందరి ఎదుట, రీలు రీలుకీ జరిగింది. తప్పు నాదే. నేనప్పుడు జమ్మలమడుగు బడిలో కొత్త అయ్యవారిని. పులివెందుల మేనమామ కూతుర్ని నాకివ్వాలని మాట నడుస్తోంది. తాంబూలాలకు ముందు పట్టుచీర కొనడానికి మామ, అత్త, పిల్ల ప్రొద్దుటూరు వస్తే, నేనే ఎదురెళ్లి "మంచి కుటుంబ కథంట, సూద్దాం రాండి" అని గొప్పకు పోయాను. (కథేమిటో నాకూ తెలియదు. పిల్ల ఉన్న డేరా కింద మూడు గంటలు కూర్చోవడమే నాక్కావలసిన కథ.)

కూర్చోవడమంటే పక్కపక్కన కాదు. మగవాళ్లు ఇటు, ఆడవాళ్లు అటు, మధ్యలో నడుమెత్తు మట్టిగోడ. బొమ్మ వేసే మిషను ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. మొదట హీరో బంగారంలాంటి పిల్లను పెళ్లాడాడు. ఆ వెంటనే పట్నం పోయి ఇంకొకావిడకు తాళి కట్టేశాడు. దీపాలు వెలిగాయి. గోడ మీదుగా అత్త తల లేచింది.

"ఏమబ్బీ, నువ్వు గూడా మాటిమాటికీ కడపకు పోతాంటావంట?"

"బడి పని మీద అత్తా!"

"వాడూ పని మీదే పోయినాడులే."

డేరా అంతా గొల్లుమంది. తర్వాతి రీల్లో వాడు రెండో ఆవిడనూ వదిలి మూడో పెళ్లికి సిద్ధమయ్యాడు. "ఆ క్రాపు సూడు, అచ్చం ఈ అబ్బిదే!" అంది అత్త. నేను రెండు చేతులా జుట్టు చెరుపుకున్నాను. మామ జాలిపడి, "సినిమా గదే" అన్నాడు. "నీ సంగతి ఇంటికి పోయినాక" అంది అత్త. ఆయన తెర వైపు తిరిగిపోయాడు.

చివరికి హీరో ముసలివాడై, దిక్కులేక, జోరువానలో మొదటి భార్య తలుపు తట్టాడు. లోపల గడియ చప్పుడయింది. అంతే, బయట కరెంటిచ్చే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ లేవలేదు. ఇళ్లకు పొమ్మన్నారు.

"ఆ యమ్మ వాణ్ని లోపలికి రానిచ్చిందో లేదో తెలిసినాకనే తాంబూలాలు" అని అత్త అక్కడే తేల్చేసింది. మర్నాటికి డేరా వేరే ఊరికి పోతుంది, ఇక తెలిసేదెట్లా? అప్పటిదాకా పెదవి విప్పని పిల్ల గోడ అవతల నుంచి మెల్లగా అంది: "రానిచ్చింటాదిలేమా. ఆ ముసిలోడు ఇంక యాడికి పోతాడు? గడప దాటినాక మాత్రం శానా తిట్టింటాది."

అత్త కూతురి వంక చూసింది, చెదిరిన నా జుట్టు వంక చూసింది. "అయితే సరే" అంది.

పెళ్లయినప్పటి నుంచి ఆ ఆఖరి రీలు మా ఆవిడ అధీనంలోనే ఉంది. నేను బుద్ధిగా ఉన్న రోజున ఆవిడ చెప్పే కథలో ముసలాయనకు వేడి సంగటి దొరికేది. పేకాటకు పోయిన రోజున తలుపే తెరుచుకునేది కాదు. మొన్న అదే సినిమా టీవీలో వచ్చింది. ఇద్దరం కళ్లజోళ్లు పెట్టుకుని కూర్చున్నాం. ముసలాయన తలుపు తట్టాడో లేదో, మా ఆవిడ టీవీ కట్టేసింది.

"ఏమైతాదో సూడనీ!" అన్నాను.

"వాళ్లు తీసింది మనకెందుకు? నేను చెప్పిందే కథ."

"సరే, చెప్పు. రానిచ్చిందా?"

"యాడ! ఇంకా వానలోనే నిలబడుకోనుండాడు. పొద్దున మాత్ర మింగినావా నువ్వు?"

లేచి మాత్ర మింగాను. పాపం, ఆ వయసులో ఎంతసేపని తడుస్తాడు?