ఓబులమ్మ ఏరి తెచ్చిన మంచి మట్టి

1999 ఎండాకాలం. అనంతపురం భూసార పరీక్షా కేంద్రంలో నేను చేరి అప్పటికి ఏడాది. మాది సముద్రం ఒడ్డునున్న కోనసీమ పల్లె. పెరట్లో గడ్డపారతో నాలుగు పోట్లు పొడిస్తే నీళ్ళు ఊరే నేల. మట్టి సంగతి నాకొకరు చెప్పాలా అనే పొగరుతోనే ఈ ఊళ్ళో దిగాను. అది వదలడానికి మరో ఐదేళ్ళు పట్టింది. అందుకు నష్టపోయింది మాత్రం నేను కాదు, ఓబులమ్మ.

ఆమెది బుక్కరాయసముద్రం దగ్గరి పల్లె. నలభై ఐదేళ్ళుంటాయి, భర్త లేడు. ఉన్న ఎకరన్నరలో ఏటా వేరుశనగ వేయడం, వాన మొహం చాటేస్తే కాయల్లేని కట్టె మాత్రం పశువుల మేతకు పీక్కోవడం. ఆ ఏడాది తమ్ముడు తిప్పన్న సాయంతో బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. ఇక చీనీ తోట పెట్టాలని ఆశ. కోస్తాలో బత్తాయి అంటామే, దాన్నే ఇక్కడ చీనీ అంటారు. తొలి కాపుకు ఐదేళ్ళు ఆగాలి. నేల సరిపడకపోతే ఆ ఐదేళ్ళూ మట్టిపాలే.

"చెట్టు బతుకుతాదా, బతకదా? ఆ మాట చెప్పు సారూ. ఉండేది ఆ చేను తునక ఒక్కటే" అంటూ మట్టి సంచి నా టేబుల్ మీద పెట్టింది.

నల్లటి, మెత్తటి మట్టి. నీడలో ఆరబెట్టి, చెక్క సుత్తితో నలగ్గొట్టి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టాను. చిన్న చిన్న నత్తగుల్లలు జల్లెడలో మిగిలాయి. మా ఊళ్ళో పార వేస్తే చాలు గుల్లలు పడతాయి కాబట్టి వింతనిపించలేదు, పారబోశాను. పీహెచ్, అంటే మట్టిలో పులుపూ క్షారమూ చెప్పే అంకె, చక్కగా ఉంది. ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ కూడా బాగుంది. 'చీనీకి అనుకూలం' అని రాసి సంతకం పెట్టాను. ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

2004 వేసవిలో మళ్ళీ వచ్చింది. చెంగులోంచి గుప్పెడు ఆకులు తీసి టేబుల్ మీద పెట్టింది. ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, తక్కిన ఆకంతా పాలిపోయి ఉంది. సగం చెట్లు కొమ్మల కొసల నుంచి ఎండుతున్నాయని చెప్పింది. కరెంటు లేని రోజుల్లో బిందెలతో పోసి సాకిందట.

"బాగుంటాదని రాసిచ్చినావు. నువ్వు ఒక్కసారన్నా మా చేను చూసినావా సారూ?"



మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. తిప్పన్న చేత ప్రొఫైల్ పిట్ తీయించాను. నేల పొరలు పక్క నుంచి కనబడేలా తవ్వే గుంత అది. పైన నాలుగు వేళ్ళ మందం నల్లమట్టి. దాని కింద ఎర్ర గరుసు. రెండడుగులు దిగేసరికి గడ్డపార ఖంగుమంది. తెల్లటి సుద్ద, సున్నం గట్టిపడిన పొర. చీనీ వేళ్ళు దాన్ని తాకి, కిందికి దిగలేక, పక్కకు తిరిగి నల్లబడి ఉన్నాయి.

పైనున్న నల్లమట్టి చేతిలోకి తీసుకుంటే అవే నత్తగుల్లలు. ఈ మట్టి ఎక్కడిదని తిప్పన్నను అడిగాను. నన్ను వింతగా చూశాడు. ఊరి చెరువు ఎండిన ఏడల్లా అడుగు మట్టి తవ్వి బండ్లతో చేలకు తోలుకోవడం ఇక్కడ తాతల నాటి పద్ధతేనట. ఈ ఎర్ర చేలల్లో గుల్ల కనబడితే అది చెరువు మట్టేనని ఎవరైనా చెబుతారట. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ సంచిలో మట్టి ఎక్కడ తీశావమ్మా అని ఓబులమ్మను అడిగాను.

"సర్కారోళ్ళకు చూపించేది కదా అని, నల్లగుండే మంచి మట్టి ఏరి తెచ్చినా. తప్పా సారూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. నేను పరీక్ష చేసింది వాళ్ళ ఊరి చెరువును, ఆమె చేనును కాదు. తప్పు నీది కాదమ్మా, అడగని నాది అన్నాను. ఆ సున్నం చెట్టుకు ఇనుము అందనివ్వదని, ఇనుము మందు కొడితే ఆకులు కొన్నాళ్ళు పచ్చబడతాయి గానీ ఆ సుద్ద పొర ఎటూ పోదని కూడా చెప్పేశాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ వేసవిలోనే తోట కొట్టేసి, మళ్ళీ వేరుశనగకే దిగింది.

అప్పటి నుంచి గుంత తీసి చూడకుండా ఏ తోటకూ నేను సంతకం పెట్టలేదు. మట్టిని పరీక్షించే ముందు మనిషిని అడగాలి, చేలో నడవాలి. పుస్తకాల్లో ఉన్న సంగతే. నా తలకెక్కడానికి ఒక మనిషి ఐదేళ్ళ కష్టం కావలసి వచ్చింది.

మరుసటి ఏడు ఓబులమ్మ మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. వెంట వాళ్ళ ఊరావిడే ఒకామె. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మట్టి తేలేదు సారూ, మనిషిని తెచ్చినా. ఈయమ్మ చీనీ పెట్టాలంటాంది. లెయ్, చేనుకు పోదాం."

చేతిలో పని అక్కడే వదిలేసి లేచాను.