పగిలిన గోల్ఫ్ కర్ర

మా పెద్దనాయన హైదరాబాదులో గోల్ఫ్ ఆడేవాళ్ల కర్రల సంచి మోసేవాడు. ఏ కర్ర తీసినా, అందించేముందు బొటనవేలితో పొడుగునా నిమిరేవాడు. "ఏండ్లు లెక్కపెట్టి మార్చరు బిడ్డా. పట్టు జారితే పిడి తొడుగు మార్చాలె, కాడ పగిలితే కర్రనే పారెయ్యాలె" అనేవాడు.

ఒకరోజు సన్నటి పగులు ఆయన వేలికి తగిలింది. "సారూ, గిది ఇరుగుతది" అన్నాడట. సారు నవ్వి, "ఇంకో ఏడాది నడుస్తది, ఇయ్యి" అన్నాడట. కొట్టగానే కాడ విరిగి, ఇనుప తల ఎగిరొచ్చి పెద్దనాయన కుడికంటికి తగిలింది. కన్ను పోయింది.

సారు కొత్త కర్రలు కొన్నాడు, సంచికి కొత్త మనిషిని పెట్టుకున్నాడు. పెద్దనాయన మా ఊరు నారాయణఖేడ్ తిరిగొచ్చి కందిచేలకు కావలి పోయేవాడు.

"గా సారు మీద కోపం రాలేదా పెద్దనాయనా?" అని ఒకసారి అడిగాను.

"పగులు ఎరికైనంక గూడ అందిచ్చింది నేనే గద బిడ్డా" అన్నాడు.