పూత రాకముందే మందు

వాచీలు బాగుచేసే ఆయనకు ఏడాదిలో పది నెలలు తనకో ముక్కుందన్న సంగతే గుర్తుండేది కాదు. వీధి చెట్లు పూతకొచ్చే రెండు నెలలూ ముక్కు తప్ప ఇంకేదీ గుర్తుండేది కాదు. కంటికి భూతద్దం బిగించి, ఆవగింజంత మరను పట్టకారుతో పట్టుకున్నాడో లేదో తుమ్ము వచ్చేది. మర ఎగిరిపోయేది. ఇక ఆ పూటంతా నేల మీద పాకుడే.

"తుమ్మితే ఊడే ముక్కంటారు గానీ, మీది గట్టి ముక్కే బావగారూ" అనేవాడు పక్క కొట్టు దర్జీ.

ఒక ఏడు మందుల షాపులో అడిగి మాత్ర తెచ్చి వేసుకున్నాడు. తుమ్ములు ఆగాయి. వాటితోపాటు మెలకువా ఆగింది. వాచీ తీసుకుపోదామని వచ్చిన టీచరమ్మ, బల్ల మీద తల వాల్చేసిన ఆయన్ను చూసి దర్జీని పిలిచింది.

"పోయారా?"

"గురక వినపడట్లేదామ్మా? ఉన్నారు."

సంగతి తెలిసి భార్య ఆయన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ అంతగా మత్తు రాని మాత్ర, ముక్కులో కొట్టుకునే స్ప్రే రాసింది.

"వచ్చే ఏడు పూత రాకముందే స్ప్రే మొదలుపెట్టండి. రోజూ కొట్టుకోవాలి."

"తుమ్మకుండానే మందా?"

"వాచీకి ఆగకముందే కీ ఇస్తారా, ఆగాకా?"

ఆయన కాస్త ఆలోచించాడు. "ఆగాకే తెస్తారండీ, అందరూ."

డాక్టరమ్మ ఇంక ఆయనతో మాట్లాడలేదు. మిగతాదంతా భార్యకే చెప్పింది.

మరుసటి ఏడు చెట్లు ఇంకా మొగ్గ కూడా వేయకముందే, రోజూ పొద్దున్నే భార్య సీసా పట్టుకుని ఎదురుగా నిలబడేది. "తల వంచండి. పైకి చూడకండి. ఎగపీల్చకండి, నెమ్మదిగా." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మాట ఆయన అంత బుద్ధిగా విన్నది అదే మొదలు.

పూత వచ్చింది. రోడ్డంతా పసుప్పచ్చని పుప్పొడి పరుచుకుంది. ఆయనకు అప్పుడో తుమ్ము, ఇప్పుడో తుమ్ము. అవీ ముందుగా కబురు పెట్టి వచ్చినట్టు, పట్టకారు కింద పెట్టేందుకు వ్యవధి ఇచ్చేవి. దర్జీ మాత్రం కంగారుపడి వచ్చాడు.

"ఒంట్లో బాలేదా బావగారూ? చప్పుడే లేదు!"

ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న ఆయన, ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు.

"కూర మాడిందా?"

"ఈ రెండు నెలలూ ఏటా మాడుతూనే ఉంది" అంది భార్య. "మీకు వాసన తెలీదు కదా అని నేనూ పొయ్యి దగ్గర కూర్చోను."

ఆయన ఆ ముద్ద తిన్నాడు. మర్నాడు పొద్దున సీసా కోసం తనే వెతుక్కున్నాడు. అది కనపడలేదు.

"ఎక్కడ పెట్టావే?"

"మాడిన వాసన పట్టేశారుగా, దాన్నీ పట్టండి. నేను దాచాను" అంది ఆమె వంటింట్లోంచి.