నాయనమ్మ పచ్చబొట్టు

నాకు నోరెక్కువని మా అమ్మ బాధ. సూర్యాపేటలో మేం వెళ్ళే ప్రార్థన మందిరంలో మాత్రం ఆ నోరు ఎప్పుడూ పెగల్లేదు. ప్రతి బుధవారం సాయంత్రం కోదాడ నుంచి బస్సులో వచ్చి బైబిల్ పాఠం చెప్పే అయ్యగారంటే నాకు చచ్చేంత భయం. ఆయన అరవరు, బల్ల గుద్దరు. రేషను కార్డులో పేర్లు చదివినంత నెమ్మదిగా నరకం గురించి చెబుతారు. అలా చెబుతారు కాబట్టే నమ్మకుండా ఉండలేం.

ఆ బుధవారం పాఠం నిత్య తీర్పు. బాప్తిస్మం లేకుండా కన్నుమూసిన వాళ్ళకు అగ్నిగుండమేనని, దానికి ముగింపు లేదని చెప్పారు. చుట్టూ అందరూ నోటు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మా నాయనమ్మ పోయి అప్పటికి రెండు నెలలు. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో నాకొక్కదానికే తెలుసు.

నేను ఇంటర్ చదివే రోజుల మాట అది. మిర్యాలగూడ దగ్గర సాగర్ కాలువలో బాప్తిస్మాలు పెట్టారు. అమ్మా నేనూ పేర్లిచ్చాం. మోతె దగ్గరి ఊళ్ళో బతుకంతా గొర్లు కాసిన నాయనమ్మ కూడా ముందురోజే మా ఇంటికి వచ్చి, పొద్దున్నే తెల్లచీర కట్టుకుని తయారైంది. అమ్మ ఆటో పిలవడానికి వెళ్ళింది. నేను అద్దం ముందు బొట్టు తీసేసి, అప్పుడే పరలోకానికి టికెట్టు దొరికినంత గొప్పగా వెనక్కి తిరిగాను. నాయనమ్మ నుదుటి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు కనిపించింది.

“నీది తుడిస్తె పోయే బొట్టు కాదు కద నాయనమ్మా. గిట్లుంటె నీళ్ళల్లకు దిగనియ్యరు,” అన్నాను.

నాకు అలా ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది. ఆమె నుదురు తడుముకుని, చీర మార్చుకుని, తలనొప్పిగా ఉందని అమ్మకు చెప్పి ఉండిపోయింది. ఆ తర్వాత సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు చూశాను. స్నానం చేస్తూ ఇటుక ముక్కతో నుదురు రుద్దుకుంటోంది. తోలు లేచి పుండైంది గానీ బొట్టు పోలేదు. ఎండకు సెగగడ్డ లేచిందని అమ్మతో అంది. నేను పక్కనే ఉండి విన్నాను.

పాఠం అయ్యాక, ప్రశ్నలుంటే అడగమన్నారు అయ్యగారు. లేచి నిలబడ్డాను. అనుమానించినందుకు నా రక్షణ కూడా పోతుందేమోనని భయం. పచ్చబొట్టు ఉందని వెనక్కి తగ్గి, బాప్తిస్మం లేకుండానే పోయిన మా నాయనమ్మ సంగతేమిటని అడిగాను.

“పచ్చబొట్టు అడ్డమేం కాదమ్మా. అలాంటి వాళ్ళెంతోమందికి నా చేతులతోనే ఇచ్చాను. ఆవిడకి అలా ఎవరు చెప్పారు?”

పక్కన అమ్మ తలెత్తి నా వైపు చూసింది.

“నేనే సెప్పిన అయ్యగారూ. మరి అగ్నిగుండం ఆమెకా, నాకా?”

ఆయన బైబిల్లో పేజీలు తిప్పారు. ముందుకు, మళ్ళీ వెనక్కి. ఏమడిగినా పుస్తకం చూడకుండా వచనం చెప్పే మనిషి. చివరికి ఏమీ చదవకుండానే పుస్తకం మూసి, ప్రార్థన చేసుకుందామన్నారు. అందరూ తలలు వంచారు. నేను చేతులు జోడించాను గానీ కళ్ళు మూసుకోవడానికి భయమేసింది. అందుకే చూశాను. అమ్మ తల మీది కొంగు సర్దుకుని, నా పక్క నుంచి జానెడు దూరం జరిగి కూర్చుంది.