మోకరించని ఏడాది

నా కూతురికి అప్పుడు అయిదేళ్లు. కొబ్బరికాయల పడవ బల్ల మీంచి జారి రేవు మెట్ల మీద పడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఊళ్లో కట్లు కట్టే తాతగారు కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు వేసి కట్టారు. మూడు నెలలు కదలనివ్వొద్దన్నారు.

రెండో నెలలోనే నొప్పి పోయింది. పిల్ల నవ్వింది. అది చాలనుకుని ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించాను. స్వస్థత పొందినవాళ్లు అందరి ముందూ మోకరించి స్తోత్రం చెప్పడం మా సంఘంలో అలవాటు. కట్టు నేనే విప్పాను.

"తాతగారు విప్పమన్నారామ్మా?" అని సంఘపెద్దగారు అడిగేరు కూడా.

"దేవుడు బాగుచేసేక తాతగారి సెలవెందుకండీ?" అన్నాను.

పిల్ల మోకరించింది. మళ్లీ లేవలేదు.

ప్రభువును శోధించకూడదు, పరీక్ష పెట్టకూడదు అన్న వాక్యం చిన్నప్పుడు కంఠస్థం చేసినదాన్నే.

అతుకు విడిపోయి, ఈసారి ఎముక వంకరగా అతుక్కుంది. కాలు పొట్టిదై, నడిస్తే పిల్ల ఒక పక్కకి ఒరిగిపోయేది. ఏడాది చూసి, పడవెక్కించి మిషను ఆసుపత్రికి తీసుకెళ్లాను. తుంటి కింద ఎముక కోసి, తిన్నగా తిప్పి మళ్లీ అతికించాలన్నారు డాక్టరమ్మగారు. ఆలస్యమైతే ఎదిగేకొద్దీ ఇంకా వంగిపోతుందట.

"ఈసారి సరిగ్గా అతుకుతుందాండీ?"

"మీరు తొందరపడకపోతే."

ఆపరేషనయ్యాక రొమ్ము కింద నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. అవి ఎండాకాలం నెలలు. గంటగంటకీ పిల్లని తిప్పాలి. కట్టు లోపల దురద పుడితే కొబ్బరి ఈనెతో గోకాలి. నా నడుం పడిపోయింది. ప్రార్థనకి కూర్చుంటే మాటలు రాక కునికిపాట్లు వచ్చేవి. దేవుడు నా నిద్రనే ప్రార్థనగా తీసుకున్నాడేమో.

"అమ్మా, ఈ పక్క కాలిపోయింది, అట్టు తిరగెయ్యవే," అనేది పిల్ల. నవ్వడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

కట్టు తీశాక కాలు తిన్నగానే ఉంది, కర్రపుల్లలా సన్నగా. ఏడాదిపాటు మోకరించకూడదు, గొంతుక్కూర్చోకూడదు అన్నారు డాక్టరమ్మగారు.

ఆదివారం ప్రార్థనలో అందరూ మోకరించారు. పిల్ల ఒక్కతే బల్ల మీద కూర్చుని భయంగా నావైపు చూసింది. వంచబోయిన మోకాళ్లు ఆపి, వెళ్లి దాని పక్కన కూర్చున్నాను.

కూడిక అయ్యాక సంఘపెద్దగారు గుమ్మం దగ్గర ఆగేరు. "కృతజ్ఞత కూడిక ఎప్పుడు పెడదామమ్మా?"

"డాక్టరమ్మగారు చెప్పేకండీ."

"ఆయ్," అన్నారాయన. పిల్ల నా వేలు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. నేనూ ఆగాను.