చెవిలో ఉప్పునీళ్ళు

నా చిన్నప్పుడు మా ఊరు కోటలో పుట్టినరోజంటే తలకు నూనె పెట్టి నీళ్ళు పోయడం, గిన్నెడు పాయసం, అంతే. దానికోసం ఇల్లంతా కదిలి ఎక్కడికైనా పోవడం నేను ఎరిగి ఒక్కసారే జరిగింది. మా తమ్ముడికి ఐదేళ్ళు నిండిన రోజది. గుర్తొస్తే ఈ వయసులో కూడా నా భుజాలు బిగుసుకుంటాయి. ఒకరి ముఖం ఒకరు చూడటం ఇష్టంలేని మనుషులమంతా ఒకే బండిలో ఇరుక్కుని సముద్రానికి పోయాం.

మా నాయన, మా పెదనాయన ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. వాకిలి ఒకటే, బావి ఒకటే, పొయ్యిలు మాత్రం రెండు. మా జేజి, అంటే నాయనమ్మ, ఆ రెండు గుమ్మాలకు నడుమ పంచలో మంచం వేసుకుని, ఒక పూట ఈ పొయ్యి మీద, ఒక పూట ఆ పొయ్యి మీద తినేది. మా తాత పోయినప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అప్పుడు మా నాయన మద్రాసులో పనిలో ఉన్నాడు. కబురంది, గూడూరులో రైలు దిగి, పరుగున ఊరు చేరేసరికి చితి కాలిపోయి ఉంది. తనకోసం ఆగకుండా అన్న తలకొరివి పెట్టేశాడని, తండ్రి ముఖం చివరిసారి చూడనివ్వలేదని మా నాయన పగబట్టాడు. పెదనాయన దానికి సంజాయిషీ చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, ఆయన కళ్ళలో కూడా మా నాయన మీద ఏదో మంట ఉండేది. అదెందుకో ఎవరికీ తెలియదు.

మాటల్లేవంటే తిట్లు లేవని కాదు. వాటిని మోయడానికి నేనుండేదాన్ని. ఇద్దరూ ఒకే వాకిట్లో, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఉండేవారు. మా నాయన నా వైపు చూసి, "పాపా, మీ పెదనాయనకు చెప్పు, ఆయన దూడ మళ్ళీ మా గడ్డివామి మీదకొస్తే కాళ్ళిరగ్గొడతానని" అనేవాడు. ఆ మాట ఆయనకు వినపడుతూనే ఉండేది. అయినా నేను నాలుగడుగులు వేసి, ఆయన ముందు నిలబడి, దాన్ని మళ్ళీ చెప్పాలి. చెప్తే ఆయన ముఖం నల్లబడేది. "మీ నాయనకు చెప్పు, దూడకు తెలీదు, మనిషికన్నా తెలియాల గదా అని" అనేవాడు. నేను మళ్ళీ ఇటు నడిచేదాన్ని. ఎవరి మాట ఎవరికి చెప్పినా కోపంగా చూసేది నన్నే. రాత్రిళ్ళు నిద్రలో నేను పళ్ళు కొరికేదాన్నని మా అమ్మ చెప్పేది.

పెదనాయనకు పిల్లలు లేరు. మా తమ్ముడంటే ఆయనకూ పెద్దమ్మకూ ప్రాణం. గోడ లేచినప్పటి నుంచి వాణ్ణి ఆ గడప తొక్కనివ్వలేదు మా నాయన. అంతకు ముందు సంవత్సరం వాడికి ఒళ్ళంతా అమ్మవారు పోసి, బతుకుతాడో లేదో అన్నంత పనైంది. అప్పుడు తాను మొక్కుకున్నానని, పుట్టినరోజునాడు వాడికి సముద్రస్నానం చేయించాలని, ఇంట్లో ఒక్కరు తగ్గినా మొక్కు చెల్లదని జేజి ఉన్నట్టుండి ప్రకటించింది. అలాంటి మొక్కు నిజంగా ఉందో లేదో ఆమెకే తెలియాలి. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

పంపకాల్లో బండి పెదనాయనకు, ఎడ్లు మాకు వచ్చాయి. అవసరానికి ఊళ్ళోవాళ్ళను బతిమాలుకునేవారు కానీ ఒకరినొకరు అడిగేవారు కాదు. ఆ రోజు ఆ బండికి ఆ ఎడ్లను కట్టారు. మా నాయన ముందు కూర్చుని తోలాడు. పెదనాయన వెనక కాళ్ళు వేలాడేసుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నడుమ ఆడవాళ్ళం. మా అమ్మ మోకాలు పెద్దమ్మ మోకాలికి తగులుతుంటే ఇద్దరూ కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. స్వర్ణముఖి దాటుతుంటే చక్రం ఇసకలో దిగబడింది. "మీ నాయనకు చెప్పు, ఎడమెద్దును అదిలించమని" అన్నాడు పెదనాయన. "మీ పెదనాయనకు చెప్పు, తోలేది నేనని" అన్నాడు మా నాయన. నేను బండిలో ముందుకూ వెనక్కూ పాకుతూ ఆ మాటలు అందించాను. కొత్తచొక్కా వేసుకున్న మా తమ్ముడు మాత్రం, "సముద్రం ఇంకా యాడుంది?" అని అందరినీ అడుగుతున్నాడు. వాడికి అందరూ జవాబు చెప్పారు, కానీ ఎవరికి వారే.

తూపిలిపాళెం దగ్గర సరుగుడు తోపులో బండి విప్పి నీళ్ళ దగ్గరకు పోయాం. జేజి కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టింది. వాణ్ణి నీళ్ళలోకి ఎవరు తీసుకుపోవాలనే మాట రాకముందే, పెదనాయన వాణ్ణి ఎత్తి భుజం మీద వేసుకుని అలల్లోకి నడిచాడు. వాడు కేరింతలు కొట్టాడు. అంత పెద్దగా వాడు నవ్వడం నేను అంతకు ముందు వినలేదు. గట్టున మా నాయన పళ్ళు బిగించి నా వైపు తిరిగాడు.

"పాపా, పో. నా బిడ్డను దించమని చెప్పు. నాయనకు తలకొరివి పెట్టిన తొందర చాలు, నా బిడ్డ జోలికి రావద్దని చెప్పు."

నేను లేచాను. ఆ మాటను ఎలా చెప్పాలో తెలియక ఏడుపొచ్చింది. అయినా కాళ్ళు వాటంతటవే కదిలాయి. అప్పుడు జేజి నా జబ్బ పట్టుకుని లాగి, నన్ను తన ముందు కూర్చోబెట్టుకుంది. దోసిలితో ఉప్పునీళ్ళు తీసి నా తల మీద పోసి, చెవులు రెండూ అరచేతులతో మూసేసింది. "అయ్యో, దీని చెవుల్లోకి నీళ్ళు పోయినాయే! ఈ పిల్లకింక వినపడదు" అని అందరికీ వినపడేట్టు అరిచింది. తర్వాత చేతులు కొంచెం సడలించి, వంగి, నా ఒక్కదానికే చెప్పింది.

"బిందె మొయ్యి, కట్టెలు మొయ్యి, నీ తమ్ముణ్ణి మొయ్యి. ఒకరి మాట ఇంకొకరికి మొయ్యబాక. పిలిస్తే పలకబాక. ఏమైనా అయితే నేను చూసుకుంటా."

మా నాయన మళ్ళీ పిలిచాడు. నేను ఇసక తవ్వుతూ కూర్చున్నాను. గట్టిగా పిలిచాడు. నేను తల ఎత్తలేదు. "దానికి వినపడదంటే నీగ్గూడా వినపడలేదా? నీకు నోరుంది, వానికి చెవులుండాయి. చెప్పుకో పో" అంది జేజి. మా నాయన ఒకసారి నా వైపు, ఒకసారి అన్న వైపు చూశాడు. చివరికి పంచె ఎగగట్టుకుని నీళ్ళలోకి దిగి, అన్నకు ఎదురుగా పోయి, "దించరా వాణ్ణి!" అని అరిచాడు.

తాత పోయిన తర్వాత అన్నతో నేరుగా ఆయన అన్న మొదటి మాట అదే.

పెద్దమ్మ పరుగున పోయి పిల్లవాణ్ణి అందుకుని గట్టుకు తెచ్చింది. అన్నదమ్ములిద్దరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి తిట్టుకున్నారు. అవి ఇక్కడ రాయదగ్గ మాటలు కావు. మా నాయన అన్న చొక్కా పట్టుకున్నాడు. పెదనాయన ఆ చెయ్యి విదిలించి తోశాడు. వలలు ఆరేసుకుంటున్న మనుషులు పని ఆపి చూశారు. మా అమ్మ విడిపించమని వాళ్ళను బతిమాలుతుంటే, "ఎవరూ కదలబాకండి" అని జేజి గద్దించింది.

"ఆగలేకపోతివే! నేను వస్తా ఉండానని తెలిసి గూడా ఆగలేకపోతివే!" అన్నాడు మా నాయన.

"ఎండాకాలంరా! శవం ఆగలేదు! ఇంకేం చెయ్యమంటావు?" అన్నాడు పెదనాయన. "నువ్వు ముఖం చూడలేదని ఏడస్తా ఉండావు. నేను పక్కనే ఉండా. నేలన పడుకుని, చెయ్యి పట్టుకుని ఉండా. ఆ చివరి రాత్రంతా నాయన నీ పేరే పిలిచినాడు. నన్ను చూసి నువ్వొచ్చినావనుకున్నాడు. నా పేరు ఒక్కసారి గూడా ఎత్తలేదు. నేను నువ్వైపోయి పలికినానురా!"

మా నాయన చెయ్యి జారిపోయింది. ఒక అల వచ్చి ఇద్దరినీ తోసింది. ఇద్దరూ వేరు వేరు దిక్కులకు తిరిగి గట్టుకొచ్చారు.

సినిమాల్లోలాగా ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. తోపులో రెండు చెట్ల కింద రెండు కుటుంబాలుగానే కూర్చున్నాం. తెచ్చిన పులిహోర పెద్దవాళ్ళెవరూ ముట్టలేదు. జేజి నాకూ తమ్ముడికీ కలిపి ఒక ఆకులో పెట్టి, "వాళ్ళకు కోపముంది, అది తింటారు. మీరు ఇది తినండి" అంది. మా తమ్ముడు నోటినిండా పెట్టుకుని, "నా పుట్టినరోజు అయిపోయిందా?" అని అడిగాడు. జేజి ఆకులో ఇంకో ముద్ద పెట్టింది.

తిరుగుబండిలో కూర్చున్న చోట్లు మారలేదు. మళ్ళీ అవే వీపులు. పొద్దు గూకుతున్న వేళ, ఎడ్ల మీద నుంచి చూపు తిప్పకుండానే మా నాయన అడిగాడు. "చివర్లో ఏమడిగినాడు నాయన?"

నన్ను అడగలేదు. బండి చాలా దూరం పోయింది.

"నీళ్ళు" అన్నాడు పెదనాయన వెనక నుంచి. "నీ చేత్తో పొయ్యమన్నాడు. నేను పోసినా."

తర్వాత కూడా వాళ్ళు కొట్లాడుకుంటూనే బతికారు. గట్ల దగ్గర, బావి దగ్గర, పండగలప్పుడు. మధ్యలో గోడ పోలేదు. కానీ ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడే తిట్టుకున్నారు. నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నా నోట ఎన్ని మాటలు అటూ ఇటూ తిరిగినా, అసలు మాట ఒక్కటి కూడా నా దాకా రాలేదని తెలుస్తుంది. చచ్చిపోయే తండ్రి తన పేరు మరచిపోయాడని ఏ మనిషైనా ఒక చిన్నపిల్లతో కబురు పంపగలడా? పంపదగిన మాటలన్నీ విషం మాటలే. మందులాంటి మాటను మాత్రం ఎవరికి వారే పోయి చెప్పుకోవాలి.

పోయిన నెల మా మనవరాలికి ఆరేళ్ళు నిండాయని, మా అబ్బాయి అందరినీ కారులో మైపాడు సముద్రానికి తీసుకుపోయాడు. కావలి నుంచి బయలుదేరినప్పటి నుంచీ మొగుడూ పెళ్ళాం ముఖాలు మాడ్చుకునే ఉన్నారు. కారు ఆపాక మావాడు వెనక్కి తిరిగి, "మీ అమ్మకు చెప్పు, దిగేది ఉంటే దిగమని" అన్నాడు పిల్లతో. పిల్ల నోరు తెరిచేలోగా నేను తలుపు తీసి దాన్ని కిందకు దించాను. "చెప్పేది నువ్వే చెప్పు నాయనా" అని, దాని చెయ్యి పట్టుకుని నీళ్ళ వైపు నడిచాను. కాసేపటికి కారులో గొంతులు లేచాయి.

పిల్ల వెనక్కి తిరిగి చూసింది. "అరుస్తా ఉండారు నానమ్మా."

"అరుచుకోనీలే. ఒకరితో ఒకరే గదా" అన్నాను. చెప్పులు ఇసకలోనే వదిలేసి ఇద్దరం నీళ్ళలోకి దిగాం.